పక్కింటి నీడకూ లెక్క కావాలి

పైకప్పుల సోలార్ మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ అడిగారు. శుక్రవారం సాయంత్రానికి కాపీ అందాలి. సబ్సిడీ వివరాలు, గ్రామాల జాబితాలు త్వరగానే చేతికొచ్చాయి. వాటన్నిటినీ పక్కకు నెట్టి నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక పట్టిక. పన్నెండు నెలలకు పన్నెండు వరుసలు, రోజులో గంటకో గడి, మొత్తం 288 గళ్లు. డాబా మీద పడాల్సిన నేరుటెండలో ఏ నెల, ఏ గంటకు, ఎంత శాతాన్ని నీడ మింగేస్తుందో ఆ గళ్లలో నింపాలి. అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల రూపొందించి ఉచితంగా అందించిన ‘సామ్’ సాఫ్ట్‌వేర్‌కు నీడ లెక్కను ఇలా ఇవ్వొచ్చు.

హైదరాబాద్‌లో గోడకు గోడ ఆనుకున్న రెండిళ్లు ఉన్నాయనుకుందాం. దక్షిణపు ఇంటి డాబా మీద, ఉత్తరం పిట్టగోడ దగ్గర, మూడు మీటర్ల ఎత్తున మెట్ల గది ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. గది నీడ ఉత్తరానికి 2.6 మీటర్లు పడుతుంది. ఆ రోజే సూర్యమానం ప్రకారం ఉదయం 9 గంటలకు సూర్యుడి ఎత్తు 30 డిగ్రీలే. అప్పుడు నీడ వాయవ్యంగా 5.2 మీటర్లు సాగి పక్కింటి ప్యానెళ్లను కప్పేస్తుంది. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి ఆరు డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు. నీడ దక్షిణానికి అడుగు మేర పడి, సొంత డాబా మీదే ఉండిపోతుంది.

ప్యానెళ్లను ఒకదాని వెంట ఒకటి వరుసగా కలుపుతారు. వాటిలో ఒకదాని మీద నీడ పడితే వరుస మొత్తంలో కరెంటు తగ్గుతుంది. బైపాస్ డయోడ్లు ఆ నష్టాన్ని కొంతవరకే కాస్తాయి. కాలనీలోని డాబాల విస్తీర్ణమంతా కూడి, కిలోవాట్‌కు పది చదరపు మీటర్లని భాగించే నివేదికల్లో ఈ నీడకు చోటే లేదు. అలాంటి నివేదికల మీద నాకు నమ్మకం లేదు.

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 480 ఇళ్ల మీద మూడేసి కిలోవాట్లు, 11 ప్రభుత్వ భవనాల మీద కలిపి 60 కిలోవాట్లు అమర్చారు. మొత్తం 1,500 కిలోవాట్లు. అది ప్యానెళ్ల సామర్థ్యం. ఊరు ఏ గంటకు ఎంత కరెంటు ఇస్తుందో ఆ ఒక్క అంకె చెప్పదు. తూర్పుకు వాలిన ప్యానెళ్లు పొద్దున ముందుంటాయి, పడమటివి సాయంత్రం అందుకుంటాయి. తేలిపోయే చిన్న మబ్బు ఊరంతటినీ ఒకేసారి కమ్మదు కాబట్టి ఒక్క ఇంటి కరెంటు ఎగుడుదిగుడుగా ఉన్నా ఊరి మొత్తం నిలకడగా ఉంటుంది. చెదిరిన పైకప్పులకున్న అసలు బలం అదేనని నా అభిప్రాయం.

అందుకే భవనాన్ని భవనంగానే లెక్కగట్టాలి. సామ్‌లోని వివరమైన నమూనా ఒక వ్యవస్థలో నాలుగు వేర్వేరు వాలుల, దిక్కుల ప్యానెల్ గుంపులను తీసుకుంటుంది. అంతకు మించితే ప్రతి భవనానికీ విడి నమూనా కట్టి, ఏడాదిలోని 8,760 గంటల ఫలితాలను గంటకు గంట కూడాలి. ఏడాది మొత్తాలను కూడితే యూనిట్ల సంఖ్య సరిపోవచ్చు గానీ ట్రాన్స్‌ఫార్మర్ బాధ తెలియదు. వాడకం తక్కువగా ఉన్న మధ్యాహ్నం మిగులు కరెంటు వెనక్కి ప్రవహిస్తుంది, లైనులో వోల్టేజి పెరుగుతుంది. హద్దు దాటగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆ దెబ్బ సాధారణంగా ముందు తగిలేది లైను చివరి ఇంటికి. డబ్బు పెట్టి, నీడ లేని డాబా ఇచ్చిన ఆ ఇంటివాళ్లు మంచి ఎండలో ఉత్పత్తి పోగొట్టుకోవడం అన్యాయం. ప్యానెళ్లు బిగించడానికి ముందే ఆ గంటలేవో డిస్కం ఇంజినీరు చేతికి అందాలి.

చరిత్ర క్లుప్తంగా: 1954లో బెల్ ల్యాబ్స్ సిలికాన్ సెల్‌ను ప్రదర్శించింది. 1990లో జర్మనీ వెయ్యి పైకప్పుల పథకం మొదలుపెట్టింది. మన జాతీయ సోలార్ మిషన్ 2010లో వచ్చింది. 2022 నాటికి పైకప్పుల మీద 40 గిగావాట్లన్న లక్ష్యం నెరవేరలేదు. 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్ల లక్ష్యంతో పీఎం సూర్యఘర్ మొదలైంది.

మొఢేరా దారి
గుజరాత్‌లోని మొఢేరాను 2022 అక్టోబరులో సౌర గ్రామంగా ప్రకటించారు. అక్కడ 1,300కు పైగా ఇళ్ల మీద కిలోవాట్ చొప్పున ప్యానెళ్లున్నాయి. వాటికి తోడుగా నేల మీద 6 మెగావాట్ల ప్లాంటు, రాత్రి కోసం బ్యాటరీలు పెట్టారు.

మీ డాబాకు
పీఎం సూర్యఘర్ సబ్సిడీ రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000. మూడు, ఆపైన ఎంతైనా రూ.78,000. నీడ సర్వేకు వచ్చినవాళ్లతో మీ ట్యాంకుతో పాటు పక్కింటి మెట్ల గదినీ కొలిపించండి. డిసెంబరు ఉదయం 9 గంటల గడిలో ఎంత వేశారో అడగండి.