టంకశాలయు పుదీనాయు

ఆంగ్లమున 'మింట్' అను నొక్క శబ్దమే టంకశాలకును పుదీనాకును చెల్లుచున్నది. కాని లాటిను భాషలో మొదటిదానికి 'మొనేటా', రెండవదానికి 'మెంతా' మూలములగుటచే, ఇవి రూపమున కలిసినవేగాని పుట్టుకచే బంధువులు కావు. తెలుగువాని చెవికి 'మింట' యన్న ఆకాశమే స్ఫురించును. అది వేఱు మాట.

టంకశాల మాటకు వచ్చిన, కర్నూలు సీమలోని ఆదవాని దుర్గమును 17వ శతాబ్ది చివర ఔరంగజేబు సేనలు గైకొనిన పిమ్మట, దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరిడి, ఆ పేరుతోడనే అచ్చట మొగలాయి నాణెములను ముద్రించిరి. గోరంత బంగారు వరహాను అరచేత నుంచుకొని చూచిన, బిళ్లకంటె అచ్చు పెద్దదగుటచే పారసీకాక్షరములు అంచున తెగిపోయి కనబడును. ఊరు తన పాతపేరునే మరల ధరించినను, పాలకులిడిన పేరు లోహముపై నిలిచియుండుట నాకెంతయో అబ్బురము.

ఇక పుదీనా తడిని కోరును. కావుననే కర్నూలు, కడప మెట్టసీమలలో జలకపునీరు పారుచోట పెరటిలో దానిని నాటుదురు. కడప యిండ్లలో పచ్చిమిరపకాయలు, చింతపండు చేర్చి రోట నూరిన పుదీనా పచ్చడి, వేడి రాగిసంగటి ముద్దకు తగిన జోడు.