ఇంజిన్ బోర్ చేయించారా? మొదటి స్టార్ట్‌కు ముందు ఏ భాగానికి ఏం పూయాలి?

కారు ఇంజిన్ బోరుకు వచ్చిందంటే చిన్న ఖర్చుతో పోదు. క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, లేత్ షాపు కూలీ అన్నీ కలిసి జేబు ఖాళీ చేస్తాయి. ఇంతా చేశాక ఆ ఖర్చంతా మొదటిసారి స్టార్ట్ చేసిన తొలి నిమిషంలోనే వృథా కావచ్చు. పంపు నుంచి ఆయిల్ బేరింగుల దాకా చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆలోపు లోహాన్ని కాపాడేది బిగించేటప్పుడు పూసిన లూబ్రికెంట్ ఒక్కటే. దాన్నే అసెంబ్లీ లూబ్ అంటారు.

సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో ఈ ప్రమాదం అర్థం కావడానికి ఒక్క మాట చాలు: హాట్ యాక్సిల్. పాత వ్యాగన్లలో ఇరుసు చివరలు తెల్లలోహం పూసిన బేరింగుల్లో తిరిగేవి. నూనెలో నానబెట్టిన నూలు పీచు వాటికి తడి అందించేది. అది ఎండితే రాపిడికి బేరింగ్ వేడెక్కి కరిగేది. ఆ వ్యాగన్‌ను రైలు నుంచి తప్పించాల్సి వచ్చేది. కారు క్రాంక్‌షాఫ్ట్‌కు ఉన్న ముప్పు కూడా ఇదే.

బేరింగ్‌లో ఏం జరుగుతుంది?

క్రాంక్‌షాఫ్ట్‌కూ బేరింగ్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో నూరో వంతులతో కొలిచేంత సన్నం. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు షాఫ్ట్ ఆ సందులోకి ఆయిల్‌ను లాక్కుని, దాని పొరపై తేలుతుంది. ఆయిల్ రాకముందు మాత్రం లోహం లోహాన్ని రాస్తుంది.

బిగించిన రోజే స్టార్ట్ చేసేటట్లయితే బేరింగులకు మామూలు ఇంజిన్ ఆయిల్‌తో సరిపెట్టుకోవచ్చు. కానీ ఏదో ఒక పార్టు రాక ఇంజిన్ వారాల తరబడి షెడ్డులో ఉండిపోవడం మామూలే. ఈలోగా పల్చటి ఆయిల్ కిందికి జారిపోతుంది. అతుక్కుని ఉండే అసెంబ్లీ లూబ్ అప్పుడే అవసరం.

ఒకే డబ్బా అన్నిటికీ పనికిరాదు

మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగులు: షాఫ్ట్‌ను తాకే వైపు మాత్రమే లూబ్ పూయాలి. బేరింగ్ వెనుక భాగం, అది కూర్చునే చోటు పొడిగా, శుభ్రంగా ఉండాలి. లేకపోతే బేరింగ్ సరిగా కుదురుకోదు, వేడి బయటికి పోదు.

క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు: అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజిన్‌లాంటి వాటిలో క్యామ్, ట్యాపెట్ సన్నటి గీత మీద ఒత్తుకుని జారుతాయి. వీటికి జింక్ సమ్మేళనాలు లేదా మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్న చిక్కటి పేస్టు కావాలి. జింక్ సమ్మేళనంలోని ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి నేటి పెట్రోల్ ఇంజిన్ ఆయిల్స్‌లో దాన్ని తగ్గించారు. పాత ఇంజిన్లకు ఈ తేడా ముఖ్యం.

పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు: ఇక్కడ శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పల్చగా రాస్తే చాలు. హానింగ్ చేసిన గోడపై ఉండే అడ్డగీతలకు రింగులు కాస్త అరిగి, ఒదగాలి. మాలిబ్డినం పేస్టు పూస్తే ఆ ఒదుగుదల దెబ్బతింటుంది. తర్వాత పొగ, ఆయిల్ ఖర్చు తప్పవు.

బోల్టులు: ఆయిల్ రాస్తే మర సులువుగా తిరుగుతుంది, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువగా సాగుతుంది. పొడిగా బిగించాలా, ఆయిల్‌తోనా అన్నది కంపెనీ మాన్యువల్ చూసే తేల్చుకోవాలి.

చేతికి దొరికిందని చక్రాల బేరింగులకు వాడే గ్రీజు పూయకూడదు. అది ఇంజిన్ ఆయిల్‌లో సరిగా కరగదు. సన్నటి ఆయిల్ దారులకు, ఫిల్టర్‌కు అడ్డుపడవచ్చు.

స్టార్ట్ చేసే ముందు

అతుక్కునే లూబ్ దుమ్మును కూడా పట్టుకుంటుంది. బొగ్గు రవాణా సాగే ఈ ప్రాంతంలో సగం బిగించిన ఇంజిన్‌ను పాలిథీన్ కవరుతో మూయకపోతే, పూసిన లూబే గరుకు కాగితంలా మారుతుంది.

చివరిగా ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో విడతలవారీగా తిప్పాలి. తర్వాతే అసలు స్టార్ట్. ట్యాపెట్లు జారే రకం కొత్త క్యామ్ వేసి ఉంటే, తొలి 20 నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచకుండా 2,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో నడపాలి. తొలి ఆయిల్, ఫిల్టర్ త్వరగా మార్చేయాలి.

ఇంజిన్ మూసేముందు మెకానిక్‌ను రెండు మాటలు అడగండి: బేరింగులకు ఏం పూశారు? రింగులకు ఏం రాశారు? రెండింటికీ ఒకే పేస్టు పేరు చెబితే, బిగింపు అక్కడే ఆపించడం మంచిది.