నాటకశాఖలో ఆచార్యుడెవరు? తలుపులు రెండు, నిచ్చెన ఒకటే

రసాయనశాస్త్ర శాఖలో ఆచార్య పదవికి ఎవరు అర్హులన్న ప్రశ్న పెద్దగా వివాదానికి తావివ్వదు. నాటకరంగ శాఖలో మాత్రం అదే ప్రశ్న దశాబ్దాలుగా నలుగుతోంది. నాటకం మీద సిద్ధాంత గ్రంథం సమర్పించినవారు బోధించాలా, జీవితమంతా వేదిక మీద గడిపినవారు బోధించాలా? విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018లో జారీ చేసిన నియామక నిబంధనలు ఇద్దరికీ తలుపు తెరిచాయి. అయితే లోపలికి అడుగుపెట్టాక పైకి ఎక్కవలసిన నిచ్చెన మాత్రం ప్రధానంగా మొదటి వర్గానికి అనువుగా ఉంది. నేడు నాటకరంగ విద్యార్థికి ఎలాంటి గురువు లభిస్తాడన్నది చాలావరకు ఈ తేడా మీదనే ఆధారపడి ఉంది.

తొలితరంలో ఈ చిక్కు లేదు. దేశంలో నాటకరంగానికి స్నాతకోత్తర పట్టా ఇచ్చే చోట్లే అరుదైన కాలమది. కాబట్టి ఆచార్యులు రంగస్థలం నుంచో సాహిత్యం నుంచో రాక తప్పలేదు. బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో నాటక విద్యకు ఊపిరి పోసిన సి.సి. మెహతా గుజరాతీ నాటకకర్త. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో భారతీయ నాటకరంగ శాఖను నెలకొల్పిన బల్వంత్ గార్గి పంజాబీ నాటకకర్త. 1977లో త్రిశ్శూరులో కాలికట్ విశ్వవిద్యాలయం తెరిచిన స్కూల్ ఆఫ్ డ్రామాకు తొలి సంచాలకుడైన జి. శంకరపిళ్ళ మలయాళ నాటకకర్త. ముగ్గురూ ముందు నాటకం రాసినవారు, తరువాతే శాఖలు నడిపినవారు.

దిల్లీలోని జాతీయ నాటక విద్యాలయం, ఎన్ఎస్‌డీ, కథ కొంత వేరు. సంగీత నాటక అకాడమీ 1959లో స్థాపించిన ఈ సంస్థకు లండన్‌లో శిక్షణ పొందిన ఇబ్రహీం అల్కాజీ 1962 నుంచి 1977 వరకు సంచాలకుడు. అది ఇచ్చేది డిగ్రీ కాదు, డిప్లొమా. 2005లో దానికి డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా దక్కింది. ఆ హోదాను సంస్థ తన విన్నపం మీదనే 2011లో వదులుకుంది. దేశంలోకెల్లా ప్రసిద్ధమైన నాటక శిక్షణ సంస్థ విశ్వవిద్యాలయ చట్రంలోకి వెళ్లి, తానుగా బయటికి రావడం ఈ చర్చలో తరచు మరుగున పడే విషయం.

నిబంధన ఏమంటోంది

నాటక విభాగంలో సహాయ ఆచార్య నియామకానికి 2018 నిబంధనలు రెండు మార్గాలు చూపుతాయి. మొదటిది అన్ని శాఖలకూ తెలిసిన దారి: 55 శాతం మార్కులతో స్నాతకోత్తర పట్టా, దానితో పాటు జాతీయ అర్హత పరీక్ష నెట్ లేదా తత్సమాన అర్హత. నెట్‌లో నాట్యానికీ నాటకానికీ కలిపి ఒకటే విషయపత్రం. ప్రశ్నలన్నీ బహుళైచ్ఛికాలు. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు. భరతుడి రససూత్రం గురించీ స్తనిస్లావ్‌స్కీ గురించీ అడగడం అక్కడ సాధ్యమే. ఒక కుర్రవాడికి గొంతు ఎక్కడ బిగుసుకుంటోందో అభ్యర్థి పట్టుకోగలడా అన్నది మాత్రం నాలుగు ఐచ్ఛికాల్లో ఇమిడేది కాదు.

రెండవ మార్గం కళాకారులది. సంబంధిత రంగంలో ప్రశంసనీయమైన వృత్తి సాధన ఉన్న ‘సంప్రదాయ లేదా వృత్తి కళాకారులు’ అర్హులని నిబంధన చెబుతుంది. అయిదేళ్లపాటు ప్రాంతీయ, జాతీయ, అంతర్జాతీయ వేదికల మీద ఆధారసహితమైన ప్రదర్శనలు ఉండాలి. విషయాన్ని తర్కబద్ధంగా వివరించి, ఉదాహరణలతో సిద్ధాంతం బోధించగల సామర్థ్యం ఉండాలి. ఇంతవరకు ఉదారంగానే ఉంది. అయితే అదే నిబంధన, ఎన్ఎస్‌డీ నుంచి గానీ ఆమోదం పొందిన మరో సంస్థ నుంచి గానీ ప్రథమ శ్రేణి డిగ్రీ లేదా డిప్లొమా ఉండాలని కూడా కోరుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మాటలను గమనించాలి. సంగీత విభాగానికి రాసిన సమాంతర నిబంధనలో, పేరున్న సంప్రదాయ గురువు వద్ద చేసిన శుశ్రూషకు గుర్తింపు ఉంది. నాటకానికి వచ్చేసరికి గురువు స్థానంలో సంస్థ వచ్చి కూర్చుంది. ‘సంప్రదాయ’ అన్న విశేషణం మాత్రం వాక్యంలో అలాగే మిగిలిపోయింది. కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో మొదలై తరతరాలుగా కుటుంబాలే నాటక సమాజాలుగా బతుకుతున్న సురభి కళాకారులను తీసుకుంటే ఫలితం స్పష్టమవుతుంది. ఉయ్యాల వయసు నుంచి తెర వెనుక పెరిగి, తీగల మీద నారదుడిని దించే యంత్రాంగం దాకా చేతిపనిగా తెలిసిన వ్యక్తికి ఆ విశేషణంలో చోటుంది, షరతులో లేదు. తెలంగాణలో చిందు యక్షగానం ఆడే కుటుంబాల పరిస్థితీ అంతే. ఎన్ఎస్‌డీకి సంచాలకుడిగా పనిచేసిన బి.వి. కారంత్ స్వయంగా సురభి కళాకారులతో కలిసి పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’ వంటి నాటకాలు రూపొందించారు. ఆ తాలింఖానాలో ఎవరు ఎవరికి నేర్పారన్నది తేల్చడం కష్టం.

షరతులో ‘ప్రదర్శన’ అన్న మాట కూడా ఇరుకైనదే. నటుడికి ప్రదర్శన అంటే ఏమిటో తెలుసు. దీపాలు అమర్చేవారికి, రంగాలంకరణ చేసేవారికి, ఆహార్యం కుట్టేవారికి ‘వేదిక మీద ప్రదర్శన’ను ఆధారసహితంగా చూపడం ఎలా? నాట్యశాస్త్రం నాటక బృందాన్ని వర్ణించేటప్పుడు సూత్రధారుడితో, విదూషకుడితో పాటు కిరీటాలు చేసేవాడినీ ఆభరణాలు చేసేవాడినీ చిత్రకారుడినీ వస్త్రాలకు రంగు వేసేవాడినీ కూడా పేర్కొంది. ఈ విషయంలో ఆ ప్రాచీన గ్రంథం నేటి నిబంధన కంటే విశాలం.

పైమెట్టు ఎక్కాలంటే

ఉద్యోగం దొరికాక లెక్క మారుతుంది. సహాయ ఆచార్యుడు పదోన్నతి పథకంలో సహ ఆచార్యుడు కావాలంటే పీహెచ్‌డీ కావాలి, పరిశోధన పత్రాలు కావాలి. నేరుగా పై పదవులకు జరిగే నియామకాల్లో కళాకారులకు ప్రత్యేక మార్గం ఉన్నా, ఉన్నచోటే ఎదగదలచినవారికి పట్టికే ప్రమాణం. ఆ పట్టిక ప్రకారం కళలు, మానవీయ శాస్త్రాల్లో ఒక పరిశోధన పత్రానికి 10 పాయింట్లు. ఒక పుస్తకం అనువదిస్తే 8. నాటకానికి దర్శకత్వం వహిస్తే? అందుకు పట్టికలో ప్రత్యేకమైన వరుస లేదు. అంటే ఒక మరాఠీ నాటకాన్ని తెలుగు చేసి అచ్చువేయించిన ఆచార్యుడికి ఫలితం ఉంది. అదే నాటకాన్ని విద్యార్థులతో నెలన్నరపాటు సాధన చేయించి వేదికెక్కించినవారికి ఆ పద్దు కింద దక్కేది శూన్యం. అనువాదకులకు సంతోషం కలిగించవలసిన ఏర్పాటే అయినా, నాటకశాఖకు ఇది విచిత్రమైన తూకం.

విద్యార్థి మీద పడే ప్రభావం ఇక్కడే మొదలవుతుంది. సహాయ ఆచార్యుడికి వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన నిర్దేశించారు. నాటక సాధన గంటలు చూసుకుని నడవదు. సాయంత్రాలను రిహార్సల్‌కు ఇవ్వాలా, పత్రరచనకు ఇవ్వాలా అన్నది ప్రతి సెమిస్టర్‌లోనూ ఎదురయ్యే ఎంపిక. హైదరాబాద్ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు స్కూల్‌లో ఉన్నట్టుగా ఎంపీఏ, పీహెచ్‌డీ రెండూ ఒకే గూటి కింద నడిచే శాఖల్లో, ఒకే అధ్యాపకుడు పొద్దున సిద్ధాంత పర్యవేక్షకుడిగా, పొద్దుగూకాక దర్శకుడిగా మారవలసి వస్తుంది.

అతిథి అధ్యాపకుల ద్వారా ఈ లోటు పూడ్చవచ్చన్నది ఒక వాదన. 2019లో యూజీసీ సవరించిన గౌరవ వేతనం ఉపన్యాసానికి రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50,000. లెక్కకు ప్రమాణం ఉపన్యాసమే. 2022లో వచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ విధానం మరింత ముందుకు వెళ్లింది. తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను పట్టాలతో, ప్రచురణలతో నిమిత్తం లేకుండా తీసుకోవచ్చు. సురభి నటుడికి గానీ దీపకారుడికి గానీ కాగితం మీద అడ్డులేని తొలి తలుపు బహుశా ఇదే. కానీ అది శాశ్వత పదవి కాదు. సాధారణంగా మూడేళ్లు, ప్రత్యేక సందర్భాల్లో మరో ఏడాది. సంస్థ మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించరాదు. ఆ కొద్ది స్థానాలకు ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ విభాగాలూ పోటీలో ఉంటాయి.

2018 నిబంధనల స్థానంలో తేదలచిన కొత్త ముసాయిదాను యూజీసీ 2025 జనవరిలో విడుదల చేసింది. పాయింట్ల లెక్కను పక్కనపెట్టి, తొమ్మిది రకాల ‘విశిష్ట సేవ’ల ఆధారంగా అధ్యాపకులను అంచనా వేయాలని అందులో ప్రతిపాదించారు. ప్రదర్శన కళలకు ప్రత్యేక నియామక మార్గాన్నీ చేర్చారు. అయితే ఒక నాటక ప్రదర్శన విలువను తేల్చాలంటే, ఎంపిక సంఘంలో కూర్చునేవారు ముందుగా ఆ నాటకాన్ని చూసి ఉండాలి.