నచ్చిన కీర్తనలు చాలవు

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడ మీది క్యాలెండరు చూస్తే, బైబిల్లోని ఏ కీర్తనలు వాడుకలో ఉన్నాయో తెలిసిపోతుంది. దేవుణ్ని కాపరిగా చూపే 23వ కీర్తన, ఆపదలో ఆయన చాటున దాగడం గురించిన 91వది, ప్రయాణాలకు ముందు చదివే 121వది. పశ్చాత్తాపానికి 51, కృతజ్ఞతకు 103. కొత్త సంవత్సరం ఆరాధనలో పంచే వాగ్దానపు కార్డుల మీద కూడా ఎక్కువగా ఇలాంటివే కనిపిస్తాయి. గ్రంథంలో ఉన్నవి మాత్రం 150. బైబిలు మొత్తం చదవాలని పూనుకున్న ఏడాదిలో తప్ప మిగతా వాటి జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. ఊరటనిచ్చే మాటలను మళ్లీ మళ్లీ తలుచుకోవడంలో తప్పేముంది అంటే, ఏమీ లేదు. అయితే క్రైస్తవ మఠాలూ సంఘాలూ పదిహేను వందల ఏళ్లుగా ఇంకో పద్ధతిని కాపాడుకుంటూ వచ్చాయి. ఏరుకోకుండా, ఒకటి నుంచి నూట యాభై దాకా ఏదీ వదలకుండా ప్రార్థించడం ఆ పద్ధతి. అదే మెరుగైనదని నా వాదన. భక్తిలో క్రమశిక్షణ ఉండాలని కాదు, ఆ గ్రంథం కూర్పే అలా అడుగుతోంది కాబట్టి.

కీర్తనల గ్రంథం చేతికందిన పాటలను ఒకచోట కుప్ప పోసిన సంపుటం కాదు. అది ఐదు భాగాలుగా ఉంది: 1 నుంచి 41, 42 నుంచి 72, 73 నుంచి 89, 90 నుంచి 106, 107 నుంచి 150. మొదటి నాలుగు భాగాల్లో ప్రతిదీ ఒక చిన్న స్తుతివాక్యంతో ముగుస్తుంది. చివరి ఐదు కీర్తనలు పూర్తిగా స్తుతే. దావీదు కీర్తనలని వాడుకలో అంటాం గానీ, హీబ్రూ ప్రతిలో దావీదు పేరున్నవి 73 మాత్రమే. ఆసాపు, కోరహు కుమారులు, సొలొమోను, మోషే పేర్లతో కూడా ఉన్నాయి, ఎవరి పేరూ లేనివీ ఉన్నాయి. మూడో భాగం చివర, 89వ కీర్తన, దావీదు వంశానికిచ్చిన మాట ఏమైపోయిందని దేవుణ్నే నిలదీస్తుంది. పేజీ తిప్పితే నాలుగో భాగం మోషే పేరున్న 90వ కీర్తనతో మొదలవుతుంది. రాజులు పోయారు, రాజులు లేని కాలపు మనిషి గొంతు విప్పాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టింది యాదృచ్ఛికం కాదని ఇప్పటి పరిశోధకుల్లో చాలామంది నమ్ముతున్నారు. 89ని వదిలేసి 91కి దూకే పాఠకుడికి ఈ మలుపు ఎప్పటికీ కనబడదు.

జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కీర్తనలను రకాలుగా విడదీశాడు. స్తుతిగీతాలు, కృతజ్ఞతాగీతాలు, రాజగీతాలు, విలాపాలు అంటూ సాగిన ఆ లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ తేలినవి విలాపాలు. గ్రంథంలో మూడో వంతుకు పైగా అవే. రోగంతో మూలుగుతున్నవాడు, మిత్రుడి చేతిలో మోసపోయినవాడు, తప్పుడు సాక్ష్యానికి బలైనవాడు, ఓడిపోయిన సైన్యం, గుడి కూలిపోయిన ఊరు, అందరూ ఇక్కడ దేవుడి ముందు గొంతెత్తుతారు. చాలా విలాపాలు చివరికి ఎక్కడో ఒకచోట నమ్మకం వైపు తిరుగుతాయి. 88వ కీర్తన అలా కూడా తిరగదు. ప్రార్థించేవాడు పగలూ రాత్రీ మొరపెట్టి, స్నేహితులంతా దూరమయ్యారని చెప్పి, చీకట్లోనే ఆగిపోతాడు. దాన్ని సరిదిద్దకుండా, చివర ఒక ఆశావాక్యం అతికించకుండా గ్రంథంలో ఉంచినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. శిలువ మీద యేసు నోట వచ్చినట్టు మత్తయి, మార్కు రాసిన మాట 22వ కీర్తన మొదటి పాదం, లూకా రాసినది 31వ కీర్తనలోది. రెండూ కష్టంలో పుట్టిన మొరలే. చావు ఘడియలో ఆ మాటలు నోటికి రావాలంటే అవి ముందే నోటికి వచ్చి ఉండాలి.

మొత్తం ప్రార్థించే అలవాటుకు పాత ఆధారాల్లో ముఖ్యమైనది ఆరో శతాబ్దపు ఇటలీలో బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి. ఏ గంటలో ఏ కీర్తన చెప్పాలో వివరంగా రాసి, ఈ పంపకం నచ్చకపోతే ఇంకోలా అమర్చుకోమని కూడా అంటాడు. ఒక్క షరతు మీద మాత్రం రాజీ లేదు: వారం తిరిగేసరికి నూట యాభై పూర్తవ్వాలి. పూర్వపు తపస్వులు ఒక్కరోజులో చేసింది మనం వారంలోనైనా చెయ్యలేమా అని పొడుస్తాడు కూడా. ఆ తర్వాతి చరిత్ర చూస్తే ఏరుకునే బుద్ధి మఠాలకూ గురువులకూ అంటకపోలేదని తెలుస్తుంది. కతోలిక ప్రార్థనా క్రమంలో పునీతుల పండుగలు పెరిగేకొద్దీ, ఆ పండుగలకు కేటాయించిన కొద్ది కీర్తనలే పదేపదే వచ్చి, మిగతావి మరుగున పడ్డాయి. 1911లో పదో పయస్ పోపు ప్రార్థనా క్రమాన్ని తిరగరాసి, వారానికి మొత్తం గ్రంథం అనే పాత నియమాన్ని మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. ఇంగ్లండులో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ 1549 ప్రార్థనా పుస్తకంలో సామాన్య సంఘానికి వారం కష్టమని గ్రహించి, కీర్తనలను నెలకు పంచాడు, ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని. ఆ ఆంగ్లికన్ వారసత్వం 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఒక పాయగా కలిసింది కనుక, డోర్నకల్ వంటి మేత్రాసనాల తెలుగువారికి ఇది పరాయి పద్ధతి కాదు.

ఏరుకునేవారి పక్షాన కూడా ఒక పెద్ద మనిషి ఉన్నాడు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్, మార్సెలినస్ అనే వ్యక్తికి రాసిన లేఖలో ఏ స్థితిలో ఏ కీర్తన చెప్పుకోవాలో పొడవైన జాబితా ఇచ్చాడు. మనసుకు తగ్గ కీర్తన తీసుకోమని ఆయనే అంటుంటే, వరసగా అందరి మాటలూ వల్లించమనడం ఎందుకు? ఇవాళ ఆనందంగా ఉన్నవాడు విలాపం చదివితే అది నటన కాదా? ఆక్షేపణ బలమైనదే. కానీ అథనేసియస్ జాబితా వాగ్దానపు కార్డు లాంటిది కాదు. అందులో శత్రువులు, నిందలు, ఓటములు, పశ్చాత్తాపం అన్నీ ఉన్నాయి. ఏ మందు దేనికో చెప్పాలంటే వైద్యుడికి అల్మరా అంతా తెలిసి ఉండాలి. ఇక నటన మాట. కీర్తనలు ఒక్క మనిషి డైరీ కావు, ఒక జనమంతా పాడుకున్నవి. నేను బాగున్నరోజున చెప్పే విలాపం, బాగోలేని ఇంకొకరి తరఫున చెప్పేది. కీర్తనల్లో క్రీస్తు గొంతు, ఆయన శరీరమైన సంఘం గొంతు కలిసి వినిపిస్తాయని తొలి సంఘ పండితుడు అగస్టీన్ వ్యాఖ్యానించింది ఈ అర్థంలోనే. జర్మన్ పాస్టర్ డీట్రిష్ బోన్‌హోఫర్ 1940లో కీర్తనల మీద ప్రచురించిన చిన్న పుస్తకంలో ఇదే దారి పట్టాడు. ఆయన సొంత బైబిల్లో, 74వ కీర్తనలో దేవుని మందిరాలను తగలబెట్టారని మొరపెట్టే వచనం పక్కన 9.11.38 అని రాసి ఉంది. జర్మనీ అంతటా నాజీలు యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టిన రాత్రి అది. 74వ కీర్తన ఎవరి క్యాలెండర్లోనూ ఉండదు. కీర్తనలన్నీ ఎరిగినవాడికే అలాంటప్పుడు అది చేతికందుతుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న శాపపు కీర్తనలది. 109లో శత్రువు పిల్లలు బిచ్చమెత్తుకోవాలనే కోరిక ఉంది. బబులోను చెరలో ఏడ్చినవారి 137వ కీర్తన శత్రువుల పసిబిడ్డలను బండకు కొట్టేవాడిని ధన్యుడంటుంది. శత్రువులను ప్రేమించమన్న యేసు శిష్యులు దీన్ని ప్రార్థనగా ఎలా పలుకుతారు? 1971లో వెలువడిన కతోలికుల కొత్త ప్రార్థనా క్రమం 58, 83, 109 కీర్తనలను తీసేసింది. 137 చివరి వచనాలతో పాటు మరికొన్నిటిని కత్తిరించింది. వాటివల్ల ప్రార్థించేవారికి కలిగే మానసిక ఇబ్బందిని కారణంగా చూపింది. ఆ ఇబ్బందిని తేలిగ్గా తీసిపారేయలేం. అయినా నా ఓటు ఉంచడానికే. ఇల్లు కాలిపోయి, బిడ్డలను పోగొట్టుకుని బందీలైనవారి కోపం ఆ మాటల్లో ఉంది. వాళ్లు కత్తి పట్టడం లేదు, తీర్పు దేవుడి చేతిలో పెట్టి ఊరుకుంటున్నారు. ఆ కోపాన్ని ప్రార్థనలోంచి వెళ్లగొడితే అది మనిషిలోంచి పోదు, వేరే దారి చూసుకుంటుంది. దుర్వినియోగం జరగదా అంటే, జరిగింది. 2009లో అమెరికాలో కొందరు 109లోని ఒక్క వచనం సంఖ్యను స్టిక్కర్లుగా అచ్చువేసి, అధ్యక్షుడు ఒబామా కోసం ప్రార్థించండంటూ కార్లకు అంటించుకున్నారు. పదవి త్వరగా పోవాలనే ఆ వచనం తర్వాత వచ్చేది పిల్లలు తండ్రి లేనివారవ్వాలనే మాట. అది గ్రంథం మొత్తాన్ని ప్రార్థించడం వల్ల వచ్చిన చేటు కాదు, ఒక్క ముక్క ఏరుకోవడం వల్ల వచ్చింది.

పండితుల విశ్లేషణ భక్తిని ఆర్పేస్తుందన్న భయం కూడా కొందరికి ఉంది. దీనికి జెనీవా సంస్కర్త కాల్విన్ ఒక్కడే చాలిన జవాబు. 1557లో కీర్తనల మీద పెద్ద వ్యాఖ్యానం ప్రచురించినవాడూ ఆయనే, జనం తమ భాషలో పాడుకోవడానికి కీర్తనలన్నిటినీ ఛందోబద్ధం చేయించే పనికి పూనుకున్నవాడూ ఆయనే. ఆ పాటల పుస్తకం 1562లో పూర్తయింది.

మొదలుపెట్టాలనుకునేవారికి క్రాన్మర్ పట్టికే సులువైనది. పూటకు పది, పదిహేను నిమిషాలు చాలు. 176 వచనాల 119వ కీర్తన ఒక్క ఊపిరిలో కాకుండా ఇరవై నాలుగో తేదీ సాయంత్రం నుంచి ఇరవై ఆరు దాకా పరుచుకుంటుంది. ముప్పై ఒకటో తేదీ ఉన్న నెలలో ముప్పయ్యో తేదీవే మళ్లీ చదువుకోవాలి. పదిహేడో తేదీ ఉదయం 88 వస్తుంది, ఇరవై రెండో తేదీ సాయంత్రం 109. ఆ రెండు పూటలూ పేజీ తిప్పెయ్యకండి. గట్టిగా, వీలైతే ఇంట్లో ఇంకొకరితో కలిసి, చెరో వచనం చొప్పున చదవండి. ఒకటో తేదీ కోసం ఆగక్కర్లేదు. ఇవాళ ఏ తేదీ అయితే ఆ తేదీ దగ్గరే మొదలుపెట్టవచ్చు.