ఖబ్రస్తాన్ దారి పక్కకు జరుపుతామంటే.. సంతకానికి ముందు ఇవి చూడండి

పల్లెల్లో చాలా ఖబ్రస్తాన్‌లు ఊరికి ఎడంగా, పొలాల మధ్య ఉంటాయి. జనాజా పోయే బాట ఎవరో ఒకరి పట్టా భూమిలోంచే పోతుంది. తాతల కాలం నుంచి నడుస్తున్నాం కాబట్టి దానికి కాగితం ఉందా అని ఎవరూ అడగరు. పొలం చేతులు మారి, కొన్న ఆసామి కడీలు పాతి ఫెన్సింగ్ వేసిన రోజే ఆ ప్రశ్న వస్తుంది. అతను మరీ మొండివాడు కాకపోతే కమిటీ పెద్దల దగ్గరికి వచ్చి, "దారి బంద్ చేయను, గట్టు పక్కకు జరుపుతా, ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అంటాడు. అసలు చిక్కు ఆ సంతకం దగ్గరే ఉంది.

ముందు ఆ బాట ఎవరిదో తేల్చుకోవాలి. తెలంగాణలో నక్షా బాట అంటారు, కోస్తాలో డొంక అనో పుంత అనో అంటారు. గ్రామ నక్షాలో బాటగా గీసి ఉంటే అది అందరి దారి. చుట్టూ ఉన్న భూమి మొత్తం కొన్నా దాన్ని జరిపే హక్కు ఆ ఆసామికి రాదు. అలాంటి దారులు పంచాయతీ, రెవెన్యూ శాఖల కిందికి వస్తాయి. దాన్ని మార్చడానికి కమిటీ ఒప్పుకున్నా చెల్లదు. కాబట్టి మొదటి పని తహసీల్దార్ ఆఫీసులో నక్షా నకలు తీసుకోవడం. ఇవ్వకుండా తిప్పుతుంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వక్ఫ్ గెజిట్‌లో ఖబ్రస్తాన్ సర్వే నంబరు, విస్తీర్ణం చూసి ధీమాగా ఉండే కమిటీలు చాలా ఉన్నాయి. లోపల ఎన్ని గుంటలు ఉన్నాయో తెలుసు గానీ, లోపలికి పోయే దారి ఏ నంబరులో ఉందో తెలియదు.

నక్షాలో బాట లేకపోతే అంతా పోయినట్టు కాదు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, 20 ఏళ్లు అడ్డు లేకుండా, బాహాటంగా, మా హక్కు అన్నట్టు నడిచిన దారిపై హక్కు స్థిరపడుతుంది. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. ఇక్కడ కీలకం "మా హక్కు అన్నట్టు" అనే మాట. యజమాని దయతో, అనుమతితో నడిచామంటే ఆ లెక్కలోకి రాదు. ఇప్పుడు ఆసామి తెచ్చిన కాగితం మళ్లీ చదవండి. "నా అనుమతితో వాడుకుంటున్నారు, ఇకపై కొత్త దారిలో నడవడానికి అనుమతిస్తున్నాను" అని రాసి ఉంటే, దారి జరగడం కంటే పెద్ద నష్టం ఆ ఒక్క వాక్యంలో ఉంది. అనుమతి ఇచ్చినవాడు రేపు వెనక్కి తీసుకోగలడు. హక్కును అలా తీసుకోలేడు.

దారి జరపడమే తప్పని నేను అనను. పొలం నడిమధ్య నుంచి పోయే బాట వల్ల రైతుకు ఇబ్బందే. అవతలివారికి నష్టం లేకుండా వీలయితే, దారిని ఒక నిర్ణీత భాగానికే పరిమితం చేయమని భూయజమాని కోరవచ్చని అదే చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. నష్టం ఉందా లేదా అన్నది మాత్రం ఎండాకాలం చూసి తేల్చకండి. వానాకాలంలో నల్లరేగడి గట్టు మీద మయ్యత్‌ను మోయగలరా? ఇరువైపులా భుజం పట్టేవాళ్లు నడవాలి, అవసరమైతే ట్రాక్టరో ఆటోనో రావాలి. కొత్త దారి వాగు దాటాల్సి వస్తే కల్వర్టు ఎవరు కడతారు? ఇవన్నీ ఒప్పందంలో రాయించాలి.

ఆ ఒప్పందం 100 రూపాయల బాండ్ పేపర్ మీద నోటరీ చేయిస్తే చాలదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, 100 రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తిలో హక్కు కల్పించే పత్రాన్ని రిజిస్టర్ చేయాలి. బాండ్ పేపర్ ఖరీదే 100 ఉంటే, ఇక దారి హక్కు విలువ చెప్పాలా! పాత హక్కుకు బదులుగానే కొత్త దారి ఇస్తున్నట్టు స్పష్టంగా ఉండాలి. అది ఎవరి సొంత పేరు మీదా కాకుండా ఖబ్రస్తాన్ పేరు మీద, సర్వే నంబర్లు, వెడల్పు, స్కెచ్‌తో సహా రాయాలి. అంతకుముందే వక్ఫ్ బోర్డుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ముతవల్లీ ఒక్కరే తేల్చేసే విషయం కాదిది.

మాటలు కుదరక అతను గేటుకు తాళం వేస్తే? దారిలో అడ్డు తీయడం సదఖా అని చిన్నప్పుడు మక్తబ్‌లో విన్నవాళ్లమే. అయినా ఫెన్సింగ్ మీద చేయి వేయకండి. ఈజ్‌మెంట్ హక్కు ఉన్నవారు సైతం అడ్డును తామే తొలగించకూడదని 36వ సెక్షన్‌లో ఉంది. కంచె పీకితే కేసు మన పిల్లల మీదే పడుతుంది. అందరి దారిని మూస్తే బీఎన్ఎస్ఎస్ 152వ సెక్షన్ కింద, దారి హక్కుపై గొడవ ముదిరేలా ఉంటే 166వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. మన మండలాల్లో తహసీల్దార్‌కే ఆ అధికారం ఉంటుంది. ఇందులో ఒక గడువు ఉంది. 166 కింద విచారణకు దారితీసిన సమాచారం మేజిస్ట్రేట్‌కు అందడానికి ముందు మూడు నెలల్లోపు ఆ దారి వాడినట్టు చూపాలి. ఊళ్లో ప్రతి నెలా మయ్యత్ కాదు కదా, అల్‌హందులిల్లాహ్. అందుకే జియారత్‌కు వెళ్లినప్పుడు, ముళ్లచెట్లు కొట్టించినప్పుడు తేదీ కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. తుది తీర్పు మాత్రం సివిల్ కోర్టుదే. అక్కడ ఈ ఫోటోలతోపాటు ముస్లిమేతర పెద్దల సాక్ష్యం కూడా చాలా పనికొస్తుంది, ముఖ్యంగా పక్క పొలాల రైతులది. వాళ్ల ఎడ్లబండ్లు కూడా ఆ బాటలోనే పోయి ఉంటాయి.