డబ్బా నురుగు, బ్రష్షు నురుగు

శనివారం సాయంత్రం బెంగళూరు నుండి, హోసూరు కర్మాగారాల నుండి ఊరికి వచ్చే యువకుల సంచులలో ఒక పొడవాటి రేకు డబ్బా తరచుగా కనిపిస్తున్నది. మీట నొక్కితే చాలు, తెల్లని నురుగు అరచేతిలోకి పూలచెండువలె పొంగి వస్తుంది. ఇంట్లో తాతగారి గూటిలో మాత్రం ఇప్పటికీ గుండ్రని సబ్బు బిళ్ళ, సగం వెంట్రుకలు రాలిన బ్రష్షు, పటిక ముక్క ఉంటాయి. తండ్రిది మధ్యేమార్గం, క్రీము గొట్టం. ఒకే ఇంట మూడు తరాలవారు మూడు విధాలుగా గడ్డం గీసుకుంటున్న కుటుంబాలు మన సరిహద్దు గ్రామాలలో అనేకం. వీటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు ప్రకటనలను బట్టి కాక, చర్మం మీద జరిగే పనిని బట్టి సమాధానం వెదకాలి.

గడ్డపు వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీనుతో ఏర్పడినది. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిగా ఉండి బ్లేడును ఎదిరిస్తుంది. నీరు లోనికి చొచ్చుకొనిపోతే ఉబ్బి మెత్తబడుతుంది. ఎండు కందిపుల్లకు, పచ్చి కందికొమ్మకు ఉన్నంత భేదం వస్తుంది. ఇందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది, వేడినీరైతే పని త్వరగా సాగుతుంది. వెంట్రుకపై సహజంగా ఉండే జిడ్డు నీటిని లోనికి పోనివ్వదు. ఆ జిడ్డును తొలగించడం సబ్బు చేసే మొదటి పని. నీటిని ముఖం మీద ఆరిపోకుండా పట్టి ఉంచడం, బ్లేడు జారడానికి అనువైన పొరగా నిలవడం తరువాతి పనులు. అనగా వెంట్రుకను మెత్తబరచేది నీరు. నురుగు ఆ నీటిని మోసే వాహనం మాత్రమే.

ఇక తాతగారి బిళ్ళలో ఏముంది, మనుమడి డబ్బాలో ఏముంది? నూనెలు, కొవ్వుల నుండి లభించే స్టియరిక్ ఆమ్లం వంటి పదార్థాలను క్షారంతో కలిపితే సబ్బు అవుతుంది. కాస్టిక్ సోడా వాడితే గట్టి సబ్బు, కాస్టిక్ పొటాష్ వాడితే మెత్తని సబ్బు వస్తాయి. గడ్డపు సబ్బులో రెండూ కలుపుతారు కనుకనే అది స్నానపు సబ్బు కంటె చిక్కని, నిలకడ గల నురుగు ఇస్తుంది. క్రీములో పొటాష్ సబ్బు, నీరు, గ్లిజరిన్ ఎక్కువ. డబ్బాలో ఉండే ద్రవం కూడా చాలావరకు నీరే. అందులో అదే స్టియరిక్ ఆమ్లాన్ని సాధారణంగా ట్రైఎథనాలమైన్ అనే మరొక క్షారంతో కలిపి చేసిన సబ్బు ఉంటుంది. కాబట్టి ఈ మూడూ దగ్గరి బంధువులే. బ్రష్షు గాలిని చిలికి నురుగు చేస్తే, డబ్బాలో ఒత్తిడికి లోనై ద్రవరూపంలో ఉన్న వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి ఆ పని చేస్తుంది. ద్రవం వాయువుగా మారేటప్పుడు వేడిని గ్రహిస్తుంది కనుక డబ్బా నురుగు చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం హాయిగా ఉంటుంది కాని, వెంట్రుకకు కావలసింది వెచ్చదనం.

బ్రష్షుతో నురుగు తీయడానికి పట్టే రెండు మూడు నిమిషాలను మనం శ్రమగా, ఆలస్యంగా భావిస్తాము. వెంట్రుక నానడానికి కావలసినదీ సరిగ్గా అంత సమయమే. పాత పద్ధతిలో ఆ వ్యవధి తనంతట తానే లభించేది. డబ్బాలో నురుగు క్షణంలో తయారవుతుంది, వెంటనే బ్లేడు పెడతారు, మంట పుడుతుంది. డబ్బా మంచిది కాదని తీర్మానిస్తారు. తప్పు డబ్బాది కాదు. ముందుగా ముఖాన్ని గోరువెచ్చని నీటితో బాగా తడిపి, నురుగు పూసిన తరువాత రెండు నిమిషాలు ఆగితే ఆ డబ్బా కూడా చక్కగానే పనిచేస్తుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది, అది బోరు నీరు. తెలుగు పాఠ్యపుస్తకాలలో కఠిన జలం అని, తమిళంలో కడిన నీర్ అని, కన్నడంలో గడసు నీరు అని చదువుకునేది దీని గురించే. (తెలుగులో గడుసు అన్న మాటకు ఉన్న మరో అర్థం కూడా ఈ నీటికి సరిపోతుంది.) రాతినేలల గుండా ఇంకిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సబ్బు తగలగానే అవి దానితో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. స్నానపు బకెట్టు అంచున పేరుకునే తెల్లని జిడ్డు పొర ఇదే. నీటిలోని ఆ లవణాల వాటా తీరేవరకు సబ్బు నురుగు ఇవ్వదు. తాతగారు ఎంత చిలికినా నురుగు నిలవకపోవడానికి, నిలిచినది ముఖం మీద పొక్కుగట్టినట్లు ఆరిపోవడానికి కారణం బిళ్ళ పాతబడడం కాదు, బావి ఎండి బోరు రావడం. డబ్బాలోని నురుగు కర్మాగారంలోనే శుద్ధి చేసిన నీటితో తయారవుతుంది కనుక మన నీటి గుణం దానిని అంతగా బాధించదు. డబ్బా వాడినవారు "దీని మహిమే వేరు" అనుకోవడంలో ఈ రహస్యం చాలావరకు ఉన్నది.

అయితే గడ్డానికి కావలసింది ఒక్క చెంబెడు నీరు మాత్రమే. అంత నీటిని మెత్తబరచుకోవడం ఏ ఇంటికైనా సాధ్యమే. వానకాలంలో మిద్దె మీదనుండి పట్టిన నీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు. వాన లేనప్పుడు బోరు నీటిని బాగా మరగకాచి, చల్లార్చి, పైతేట మాత్రం వంచుకుంటే కాల్షియం బైకార్బనేటు వంటివి గిన్నె అడుగున తెల్లని పొరగా మిగిలిపోతాయి. సల్ఫేటుల వలన వచ్చిన కాఠిన్యం కాచినా పోదు. అటువంటి ఊళ్ళలో తాగడానికి కొనే క్యాను నీటిలో ఒక గ్లాసు ఇందుకు కేటాయించవచ్చు. ఆ నీటితో తాతగారి పాత బిళ్ళను ఒకసారి చిలికి చూడండి. అన్నట్లు, కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలవారు హొగేనకల్ తాగునీటి పథకం 2013లో ప్రారంభమయ్యే వరకు పడిన బాధ అదే. గడ్డానికి ఫ్లోరైడుతో ఇబ్బంది లేదు కాని, కాచిన బోరు నీరు అన్నింటికీ పనికివస్తుందని ఎవరూ అనుకోరాదు.

చెంబెడు నీటి సంగతి పెద్ద సంస్థలకే ఆలస్యంగా తెలిసింది. భారతీయుల కోసమని తయారు చేసిన ఒక రేజరును గిలెట్ సంస్థ అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చేత పరీక్షింపజేసింది. అక్కడ కుళాయి తిప్పితే నీరు ధారగా వస్తుంది, బ్లేడు శుభ్రపడుతుంది. ఇక్కడ గ్లాసు నీటిలో ముంచి ఆడించేవారి చేతిలో అదే రేజరు వెంట్రుకలతో పూడుకొనిపోయింది. ఆ తరువాత నిపుణులు మన దేశంలో ఇళ్ళకు వచ్చి, నేల మీద కూర్చొని చిన్న అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకునేవారిని గమనించి, సులభంగా కడగదగిన ఒంటి బ్లేడు గార్డ్ రేజరును 2010లో విడుదల చేశారు.

నురుగు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న భ్రమ కూడా ఒకటి ఉన్నది. తెలుగు నురుగు, తమిళ నురై, కన్నడ నొరె ఒకే కుటుంబపు మాటలు, మూడు భాషలవారికీ అది శుభ్రతకు గుర్తు. బెంగళూరు మురుగు కలిసిన దక్షిణ పినాకిని కెలవరపల్లి జలాశయం వద్ద గుట్టలు గుట్టలుగా నురుగు కక్కడం చూసిన హోసూరువారికి ఆ గుర్తు ఎంత నమ్మదగినదో వేరుగా చెప్పనక్కరలేదు. ముఖానికి కూడా పలుచగా, తడిగా ఉన్న పొర చాలు. పైన మేఘమంత నిలిచిన నురుగులో ఉన్నది గాలో, వాయువో.

ఖర్చు విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. గొట్టం లేదా డబ్బా మొదలుపెట్టిన తేదీని దాని అడుగున వ్రాసి, అయిపోయిన రోజున ఎన్ని క్షౌరాలు జరిగాయో లెక్కించి, ధరను ఆ సంఖ్యతో భాగించాలి. సాధారణంగా బిళ్ళ అన్నింటికంటె చవక, తరువాత క్రీము, చివర డబ్బా. ఇంట్లో రోజూ గీసుకునేవారికి బ్రష్షుతో క్రీమో, బిళ్ళో సరిపోతుందని నా అభిప్రాయం. కొందరికి సబ్బులోని క్షారగుణం వలన చర్మం పొడిబారుతుంది. అటువంటివారు కడిగిన తరువాత రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకోవచ్చు.

క్షౌరశాల సంగతి వేరు. అక్కడ నా ఓటు డబ్బాకే. ఒకే బ్రష్షు ఉదయం నుండి రాత్రి వరకు పదుల ముఖాల మీద తిరుగుతుంది, తడి ఆరదు. తామర, చీముపొక్కులు ఒకరి నుండి మరొకరికి అంటడానికి అది చాలు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుర్రపు వెంట్రుకలతో చేసిన చౌక బ్రష్షుల వలన బ్రిటన్, అమెరికాలలో ఆంత్రాక్స్ వ్యాధి సోకి కొందరు మరణించారు కూడా. డబ్బా నురుగుకు బ్రష్షుతో పనిలేదు. అది లేని అంగడికి సొంత బ్రష్షు తీసుకొనిపోవడంలో నామోషీ ఏమీ లేదు. గాటు పడినవారందరికీ ఒకే పటిక రాయి రుద్దడం కూడా మానవలసిన అలవాటే. తమిళంలో పడికారం అనే ఈ రాయి నెత్తురు ఆపుతుంది, నిజమే. కాని నెత్తురంటిన రాయి మరొకరి గాయానికి తగలరాదు. అన్నింటికంటె ముఖ్యం బ్లేడు. హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల, ఆరిన నెత్తురులో సైతం, కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. "అన్నా, కొత్త బ్లేడు వెయ్యన్నా" అని అడగడానికి మన పిల్లలకు మొదటి క్షౌరం నాడే నేర్పాలి. కత్తిలో సగం బ్లేడు మన కళ్ళ ఎదుట మార్చే అన్నలు ఇప్పుడు చాలామందే ఉన్నారు.

డబ్బాకు సంబంధించి ఇక చెప్పవలసినది అందులోని వాయువు గురించి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులకు దోమలమందు చల్లేందుకు ఇటువంటి డబ్బాలు ఇచ్చారు. యుద్ధం ముగిశాక, 1949–50 ప్రాంతంలో గడ్డపు నురుగు డబ్బాలు అంగళ్ళకు వచ్చాయి. స్ప్రే డబ్బాలలో అప్పుడు విరివిగా వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు ఓజోను పొరను క్షీణింపజేయగలవని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో అవి క్రమంగా తొలగిపోయాయి. ఇప్పటి డబ్బాలు ఓజోనుకు ఆ కీడు చేయవు. అయితే వాటి స్థానంలో సాధారణంగా వాడుతున్నవి బ్యూటేన్, ఐసోబ్యూటేన్, ప్రొపేన్. అనగా వంటింటి సిలిండరులో ఉండే వాయువుల జాతివే. సిలిండరు కారితే మనకు తెలియడానికి అందులో ఘాటైన వాసన గల పదార్థం కలుపుతారు. డబ్బాలోని వాయువుకు ఆ వాసన ఉండదు.

నురుగు రావడం ఆగిపోయినా లోపల కొంత వాయువు మిగిలే ఉంటుంది. ఎండవేడికి, పొయ్యి సెగకు దాని ఒత్తిడి పెరుగుతుంది. నిప్పులో పడితే రేకు చీలి బాంబువలె పేలుతుంది, మండే వాయువు అంటుకుంటుంది. యాభై డిగ్రీలకు మించిన వేడి తగలనీయరాదని, ఖాళీ అయినా గుచ్చరాదని, కాల్చరాదని డబ్బా మీద అచ్చువేసే ఉంటుంది. కాని ఆ హెచ్చరిక సన్నని ఇంగ్లీషు అక్షరాలలో, మహా అయితే హిందీలో ఉంటుంది. తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళమో, కన్నడమో చదివిన ఇంటివారిలో చెత్త ఊడ్చే తల్లికి, నీళ్ళపొయ్యి రాజేసే అవ్వకు అది చేరదు. డబ్బా తెచ్చిన కుమారుడే ఆ నాలుగు మాటలు నోటితో చెప్పాలి.

భోగినాడు ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇంట్లోని పాతవన్నీ పోగుచేసి తెల్లవారుజామున మంట వేయడం మన ఆచారం. తమిళ ఇరుగుపొరుగువారూ అదే రోజున వేస్తారు. పిల్లలు చీకటిలో చాపలు, చీపుళ్ళు, అట్టపెట్టెలతోపాటు చేతికి దొరికినదల్లా విసురుతారు, చుట్టూ దగ్గరగా నిలబడి చలి కాచుకుంటారు. మంటకు తీసిపెట్టిన కుప్పను ముందురోజు పగటి వెలుతురులోనే ఒకసారి కలియబెట్టి చూడాలి. గడ్డపు నురుగు డబ్బాలే కాదు, దోమలమందు, సెంటు, రంగు చల్లే డబ్బాలు ఏవి ఉన్నా ఏరివేయాలి. ఏరినవాటిని పొయ్యి, దీపం, బీడీ ఏదీ లేని ఆరుబయట, గాలి ఆడే చోట మీట నొక్కిపట్టి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగేవరకు ఖాళీ చేయాలి. మేకుతో గుచ్చడం, సుత్తితో చదును చేయడం కూడదు. తరువాత పాత ఇనుముతో కలపకుండా వేరే సంచిలో గుజరీ అంగడికి ఇచ్చి, అవి ఏ డబ్బాలో అతనికి చెప్పాలి. ఎందుకంటే అక్కడ వాటిని సుత్తితో కొట్టేది తరచుగా అతని ఇంటి కుర్రవాడే.