ఎక్కినవాటి లెక్క

రోలర్ కోస్టరు అనగా పట్టాలమీద ఎత్తునుండి జారి, కొన్నిచోట్ల తలక్రిందులై కూడ తిరుగు బండి. 2016లో రావిర్యాల యొద్ద వండర్లా తెరచినప్పటినుండి మన తెల్లాపూర్ యౌవనులకు రింగురోడ్డు మీదుగా అది అందుబాటులోనికి వచ్చినది. అమెరికాలో దీని అభిమానులు 1978లోనే ఒక సమాజముగా ఏర్పడిరి. ఎన్ని బండ్లు ఎక్కితిమో లెక్క వ్రాసుకొనుట వారిలో అనేకులకు అలవాటు. ఒకే బండి పదిసార్లు ఎక్కినను చాలామంది ఒకటిగానే లెక్కింతురు. వండర్లాలోని రీకాయిల్ ముందుకు పోయి అదే దారిన వెనుకకు వచ్చును, అదియు ఒకటే!

ఈ లెక్క తగునా? లెక్కించుట పాపమని మేము చెప్పము. సంఖ్యాకాండములో దేవుడే జనమును లెక్కింపుమనెను. దావీదు లెక్కింపుమన్నప్పుడైతే యోవాబుకే అది నచ్చలేదు. తొమ్మిది నెలల ఇరువది దినములు తిరిగి తెచ్చిన ఆ అంకెలు విన్న తరువాత రాజు మనస్సే నొచ్చెను.

మా భయమంతయు, స్నేహితుల లెక్కకు వెనుకబడుదునన్న సిగ్గుతో వణకుచునే ఎక్కు పిల్లవానిగూర్చి; తల్లి చీటీకి దాచిన డబ్బు టిక్కెట్టుకు పోవుటగూర్చి. అట్టి లెక్క వద్దు. అంకె వ్రాసుకొను పిల్లలారా, ఏ తేదీన ఎవరితో వెళ్లితిరో కూడ వ్రాయుడి. క్రింద సంచులు పట్టుకొని నిలిచిన అమ్మ పేరుతో సహా.